అప్పగింతలు – పని ముగించి స్వదేశానికి బయలుదేరిన మిషనరీ వైద్యుల చరిత్ర



గత నెలలో ఒక యువ వైద్యుడు నర్సీపట్నంలోని మా ఇంటికి వచ్చాడు. మన్యంలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మూడేళ్ళు పనిచేశాడు. పై చదువుకు సీటు రావడంతో వెళ్ళిపోతున్నాడు. కాఫీ తాగుతూ, "ఛార్జి అంతా ఒప్పజెప్పేశాను సార్, రేపే ప్రయాణం" అన్నాడు సంతోషంగా. "రోగులను ఎవరికి ఒప్పజెప్పావు బాబూ?" అని అడిగాను. అతడు కొంచెం తెల్లబోయి, "రిజిస్టర్లు ఉన్నాయి కదా సార్" అన్నాడు.

అతణ్ణి నొప్పించాలని అడిగిన ప్రశ్న కాదది. నలభై ఏళ్ళ క్రితం నన్ను ఎవరూ అడగని ప్రశ్న. ఆ సంగతి వ్యాసం చివర చెబుతాను. పదవీ విరమణ తరువాత నేను మన ప్రాంతపు వైద్య చరిత్రను తీరికగా చదువుతూ వస్తున్నాను. అందులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది, సముద్రాలు దాటి మన తెలుగునాటికి వచ్చిన మిషనరీ వైద్యులు తమ పని ముగించుకుని తిరిగి వెళ్ళిన తీరు. వారు వచ్చిన కథ అందరూ వ్రాశారు. వెళ్ళిన కథ వ్రాసినవారు తక్కువ. వారి మతప్రచారం గురించి మన సమాజంలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. ఆ చర్చ ఈ వ్యాసపు పరిధిలోనిది కాదు. వైద్యుడనైన నేను వైద్యుని కంటితోనే ఈ చరిత్రను చూస్తున్నాను.

తిరుగు ప్రయాణానికి నోచుకోనివారు

మన విశాఖపట్నంతోనే ప్రారంభిద్దాం. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జి క్రాన్, ఆగస్టస్ డి గ్రాంజెస్ అనే ఇద్దరు యువకులు ఇక్కడికి వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు. ఆనందరాయర్ అనే పండితుని సహాయంతో సువార్తలను తెలుగులోకి అనువదించే పని చేపట్టారు. 1809లో క్రాన్, 1810లో డి గ్రాంజెస్ మరణించారు. వచ్చిన అయిదేళ్ళలో ఇద్దరూ మన గడ్డపైనే కన్నుమూశారు. వారి అనువాదం 1812లో అచ్చయింది. దానిని చూసుకోవడానికి ఆ ఇద్దరిలో ఒక్కరూ మిగలలేదు.

ఆ రోజులలో జ్వరాలు, విరేచనాలు, కలరా ఐరోపావారిని ఎంతగా బాధించేవో నేటి తరం ఊహించలేదు. మలేరియా చెడుగాలి వలన వస్తుందని నమ్మిన కాలమది. దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో కనుగొన్నది 1897 ఆగస్టు 20న. అప్పటివరకు క్వినైన్ వాడకం తెలిసినా, జ్వరం ఎక్కడినుంచి వస్తున్నదో తెలియదు. దోమతెర విలువ కూడా తెలియదు.

ప్రాణం దక్కించుకున్నవారిలోనూ చాలామందికి తిరుగు ప్రయాణం జబ్బు వలన కలిగినదే. అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కు చెందిన శామ్యూల్ డే 1836లో ఓడ దిగి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఆరోగ్యం చెడి స్వదేశానికి వెళ్ళారు. 1849లో లైమన్ జ్యూయెట్ అనే సహచరునితో మళ్ళీ వచ్చారు. 1853లో మళ్ళీ ఆరోగ్యం దెబ్బతిని శాశ్వతంగా వెళ్ళిపోయారు. అదే సంవత్సరం అమెరికాలోని వారి పెద్దలు నెల్లూరు మిషన్‌ను మూసివేయాలా అని చర్చించారు. పటం మీద ఒంటరిగా కనిపించిన ఆ కేంద్రాన్ని "ఒంటరి తార" అని వర్ణించారు. చివరకు మూయలేదు. డే వెళ్ళినా జ్యూయెట్ నెల్లూరులో ఉన్నారు. వెళ్ళేవాని వెనుక నిలిచే మనిషి ఒకడుంటే పని బ్రతుకుతుంది.

ఇక జబ్బు కాక ప్రభుత్వమే పంపివేసిన సందర్భం ఒకటున్నది. మొదటి ప్రపంచయుద్ధం వచ్చినపుడు బ్రిటిష్ ప్రభుత్వం మన దేశంలోని జర్మన్ మిషనరీలను శత్రుదేశీయులుగా నిర్బంధించింది. 1915–16లో అనేకులను ఓడలో స్వదేశానికి పంపివేసింది. ఆ ఓడ పేరు "గోల్కొండ". అలాంటి ప్రయాణానికి సన్నాహం ఏముంటుంది? తాళంచెవులు ఎవరి చేతిలో పెట్టాలో ఆలోచించే వ్యవధి కూడా ఉండదు.

నర్సీపట్నం వరకు

మన ఉత్తర కోస్తాకు వచ్చినవారు ప్రధానంగా కెనడా బాప్టిస్టులు. వారి మిషన్ పుట్టుక చాలామందికి తెలియదు. కాకినాడలో ఆ పనిని మొదలుపెట్టినది కెనడావారు కాదు. థామస్ గాబ్రియేల్ అనే మన దేశస్థుడు. ఆయన తంతి శాఖలో ఉద్యోగం వదలి ఈ పనిలో దిగారు. ఖర్చు భరించలేక సహాయం కోరగా, 1874 మార్చిలో జాన్ మెక్‌లారిన్ వచ్చి ఆ పనిని స్వీకరించారు. అంటే ఆ మిషన్ ఒక అప్పగింతతోనే ప్రారంభమయింది. అక్కడినుంచి పిఠాపురం, తుని, ఎలమంచిలి, బొబ్బిలి, సోంపేట వంటి ఊళ్ళకు విస్తరించింది. మా నర్సీపట్నం కూడా వారి కేంద్రాల జాబితాలో ఉంది. దాదాపు నూరేళ్ళ తరువాత విదేశీయులు వెళ్ళిపోయినపుడు, పనంతా మళ్ళీ తెలుగువారి చేతికే వచ్చింది.

ఆ కాలపు మిషనరీలకు ఆరేడేళ్ళకొకసారి స్వదేశానికి దీర్ఘకాలపు సెలవు ఉండేది. చివరి ప్రయాణం వేరు. లెక్కలు ముగించాలి. స్థలాల దస్తావేజులు, కట్టడాల పత్రాలు అప్పగించాలి. సామాను అమ్మాలి లేదా పంచిపెట్టాలి. వీడ్కోలు సభలో సన్మానపత్రం చదువుతారు, పూలదండలు వేస్తారు, అందరూ కలిసి ఫోటో దిగుతారు. ఆ తరువాత రైలు, రేవు, వారాల తరబడి ఓడ ప్రయాణం. ఉపాధ్యాయుడైనా, బోధకుడైనా ఇంతటితో సరిపోతుంది. వైద్యునికి మాత్రం ఇంకొకటి మిగులుతుంది. అది హస్తవాసి.

మన తెలుగువారికి హస్తవాసి మీద ఎంత నమ్మకమో మీకు తెలుసు. "ఆ డాక్టరుగారి చేతి మందే పనిచేస్తుంది" అంటారు. మందు అదే, మోతాదు అదే. చేయి మారితే రోగి రాడు. ఆ నమ్మకాన్ని తన చేతినుంచి ఇంకొకరి చేతిలోకి మార్చలేని వైద్యుడు, ఎంత గొప్పవాడైనా, వెళ్ళేటప్పుడు తన ఆసుపత్రిని తనతోపాటు తీసుకుపోయినట్లే. ఇది సాధించినవారి ఉదాహరణలు మన రెండు తెలుగు రాష్ట్రాలలోనే ఉన్నాయి.

డిచ్‌పల్లి, ఆరోగ్యవరం, సోంపేట

నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠురోగుల ఆసుపత్రి వెలిసింది. స్థాపించినవారు స్కాట్లాండునుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త రెవరెండ్ జార్జి కెర్. స్థానిక దాత రాజా నర్సాగౌడ్ ఉదారంగా తోడ్పడ్డారు. అప్పటికి కుష్ఠుకు నమ్మదగిన మందు లేదు. తరువాత అడవిబాదం జాతి గింజల నూనెను ఇంజక్షన్‌గా ఇచ్చే పద్ధతి వచ్చింది. సూది నొప్పి తీవ్రం, చికిత్స ఏళ్ళ తరబడి. అయినా రోగులు వచ్చారు. ఊరు వెలివేసినవారికి అక్కడ ఒక ఊరే ఏర్పడింది. 1932లో ఇసబెల్ అక్కడే మరణించారు. భార్య పోయిన తరువాత కూడా జార్జి కొన్నేళ్ళు ఆ పని కొనసాగించి, పిదప విరమించి స్కాట్లాండుకు వెళ్ళిపోయారు. ఆయన మనఃస్థితిని తలచుకుంటే నాకు బాధ కలుగుతుంది. ఇల్లు ఒక దేశంలో, ఇల్లాలి సమాధి ఇంకొక దేశంలో. అయితే ఆసుపత్రి ఆయనతో ఆగలేదు. డాప్సోన్ మాత్రల కాలం, 1980లలో వచ్చిన బహుళ ఔషధ చికిత్స కాలం దాటి అది నేటికీ నిలిచి ఉంది.

రెండవది మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం. పలు మిషన్లు కలిసి 1915లో అక్కడ క్షయ చికిత్సాలయాన్ని తెరిచాయి. దానిని తీర్చిదిద్దినది డెన్మార్కు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్. స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నది 1943లో. అంటే ఆ తొలి మూడు దశాబ్దాలలో విశ్రాంతి, మంచి గాలి, పుష్టికరమైన ఆహారం, కొన్ని శస్త్రచికిత్సలు, ఇంతే వైద్యం. ఆయన చేసిన మేలైన పని, తన తరువాత నడపగల వైద్యులను తయారుచేయడం. ఆయన అనంతరం ఆ బాధ్యత భారతీయుడైన డాక్టర్ పి. వి. బెంజమిన్ చేతికి వచ్చింది. బెంజమిన్‌గారు తరువాత భారత ప్రభుత్వానికి క్షయవ్యాధి సలహాదారుగా పనిచేశారు. ఒక గ్రామసీమలోని మిషన్ ఆసుపత్రిలో నేర్చిన విద్య దేశమంతటికీ ఉపయోగపడింది. విదేశీ వైద్యుడు తన కుర్చీని భారతీయునికి అప్పగించడం ఆ రోజులలో సామాన్య విషయం కాదు.

మూడవది మన శ్రీకాకుళం జిల్లా సోంపేట. కెనడా వైద్యుడు డాక్టర్ బెన్ గల్లిసన్ అక్కడి ఆసుపత్రిలో కంటిచూపు కోల్పోయిన పేదలకు శుక్లాల ఆపరేషన్లు చేశారు. ఆయన స్వదేశంలో ఉన్న సమయంలో, 1963లో, కాల్గరీ నగరంలో తన రోగుల గురించి ప్రసంగించారు. విన్నవారిలో ఆర్ట్ జెన్కిన్స్ అనే వ్యాపారి కదిలిపోయి, మిత్రులతో కలిసి నిధుల సేకరణ మొదలుపెట్టారు. అదే తరువాత "ఆపరేషన్ ఐసైట్" సంస్థగా ఎదిగింది. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ గ్రామీణ నేత్రవైద్యానికి కూడా ఆ సంస్థ తోడ్పడింది. స్వదేశానికి వెళ్ళడమంటే ఇక్కడి రోగిని మరచిపోవడం కాదని గల్లిసన్‌గారు నిరూపించారు. సోంపేట ముసలమ్మల కళ్ళను ఆయన కాల్గరీ దాకా మోసుకుపోయారు.

గుంటూరు డాక్టర్ అన్నా కుగ్లర్ గురించి కూడా ఒక మాట చెప్పాలి. 1883లో వచ్చిన ఆమె 1898లో స్త్రీల ఆసుపత్రిని తెరిచారు. మధ్య మధ్య సెలవులో అమెరికా వెళ్ళినా, చివరిసారి వెళ్ళలేదు. 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. ఆసుపత్రిని నేటికీ ప్రజలు ఆమె పేరుతోనే పిలుస్తారు. తిరిగి వెళ్ళినవారైనా, వెళ్ళనివారైనా, నిలిచిన సంస్థలన్నింటిలో ఒకే లక్షణం కనిపిస్తుంది: పనిచేయగల స్థానికులకు ముందుగానే శిక్షణ ఇచ్చారు.

మనవారూ వెళ్ళారు

విదేశీయులే మన దగ్గరికి వచ్చారనుకోవద్దు. 1860నుంచి చెరకు తోటలలో కూలి పనికి మద్రాసు రేవునుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు ఓడలలో వెళ్ళినవారిలో వేలాదిమంది తెలుగువారు. వారి కోసం 1903లో నెల్లూరునుంచి జాన్ రంగయ్యగారిని తెలుగు బాప్టిస్టులే తమ చందాలతో పంపారు. కెర్స్‌నీలో తెలుగు సంఘాన్ని స్థాపించి, తోటల వెంట తిరిగి, 1915లో ఆయన అక్కడే మరణించారు. ఆయన నాటిన సంఘాలు అక్కడి తెలుగువారి చేతిలో కొనసాగాయి. దూరదేశంలో పనిచేసి వెళ్ళిపోవలసిన స్థితి ఏ జాతికైనా ఒకటే.

నా ఛార్జి లిస్టు

ఇప్పుడు మొదట చెప్పిన మాటకు వస్తాను.

1981లో నేను మన్యంలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యాధికారిని. సంత రోజున అడ్డాకులు, చింతపండు అమ్ముకోవడానికి కొండ దిగి వచ్చే ఒక గిరిజన రైతుకు క్షయ సోకింది. అప్పటి చికిత్స ఏడాదినుంచి ఏడాదిన్నర: స్ట్రెప్టోమైసిన్ సూదులు, ఐసోనయాజిడ్, థయాసెటజోన్ మాత్రలు. అతడు సంత రోజునే రాగలడు గనుక, అతని కార్డును బీరువాలో కాక నా బల్ల సొరుగులో ఉంచుకుని, నేనే మందులిచ్చేవాణ్ణి. నాలుగు నెలలలో దగ్గు తగ్గింది, బరువు పెరిగాడు. నాకు గర్వంగా ఉండేది.

అంతలో బదిలీ ఉత్తర్వులు వచ్చాయి. మైదాన ప్రాంతానికి పోస్టింగ్, ఇంటిల్లిపాదీ సంతోషించాం. మంచాలు, ట్రేలు, థర్మామీటర్లు, కత్తెరలు లెక్కపెట్టి, స్టాకు రిజిస్టరులో సంతకాలు తీసుకుని రిలీవ్ అయ్యాను. ఒక కత్తెర తగ్గితే నా జేబులోనుంచి డబ్బు కట్టాను. సొరుగులోని కార్డు గుర్తుకు రాలేదు. నా స్థానంలో వైద్యుడు రావడానికి కొన్ని నెలలు పట్టింది.

రెండేళ్ళ తరువాత ఒక పెద్ద ఆసుపత్రి ఛాతీ వ్యాధుల వార్డులో అతణ్ణి చూశాను. రెండు ఊపిరితిత్తులూ చెడిపోయాయి. మందులకు వ్యాధి లొంగడం లేదు. ఎందుకు ఆపేశావని అడిగాను. "నువ్వెల్లిపోనావు కదా బాబూ, మందు కూడా అయిపోనాదనుకున్నాను" అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. మూడు వారాలకు మరణించాడు.

ఏ పరీక్షలోనూ తప్పని నేను అప్పగింతలో తప్పాను. అతడు నన్ను నమ్మాడు. నేను మందును నమ్మించలేదు. నా తరువాత వచ్చేవారిని, కనీసం అక్కడే ఉండే కాంపౌండరునూ నర్సునూ అతనికి పరిచయం చేయలేదు. డిచ్‌పల్లినుంచి, ఆరోగ్యవరంనుంచి వెళ్ళినవారి చరిత్ర చదివినపుడల్లా ఆ సొరుగు నా కళ్ళముందు తెరుచుకుంటుంది.

మన పెళ్ళిళ్ళలో అప్పగింతల ఘట్టం ఉంది. తండ్రి కూతురి చేతిని పాలలో ముంచి అత్తమామల చేతిలో పెడతాడు. నగలు, సారె ఎన్ని ఇచ్చినా ఆ చేయి పెట్టనిదే అప్పగింత కాదు. వైద్యుడు కూడా కొత్త వైద్యుని చేతిలో రోగి చేతిని పెట్టి వెళ్ళాలి.

పాఠకులు గుర్తుంచుకోవలసినవి

వైద్యుడు మారినా, మీరే ఊరు మారినా, విదేశానికి వెళ్ళినా, పని ముగించుకుని తిరిగి వచ్చినా, ఈ సూచనలు పాటించండి.

1. దీర్ఘకాలిక వ్యాధులకు మందు వైద్యునితో ముడిపడి లేదు. క్షయకు సాధారణంగా 6 నెలలు, కుష్ఠుకు రకాన్నిబట్టి 6 లేదా 12 నెలలు పూర్తిచేయాలి. దగ్గు తగ్గింది కదా, మచ్చ మానింది కదా అని మధ్యలో ఆపవద్దు. ఈ మందులు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం.

2. మీ జబ్బు పేరు, మందుల పేర్లు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ ఒక కాగితం మీద వ్రాయించుకుని దగ్గర ఉంచుకోండి. క్షయ రోగులు తమ నిక్షయ్ నంబరు అడిగి తీసుకోండి; దానితో దేశంలో ఎక్కడైనా చికిత్స కొనసాగించవచ్చు.

3. రక్తపోటు, మధుమేహం, మూర్ఛ ఉన్నవారు ప్రయాణానికి ముందే కనీసం ఒక నెలకు సరిపడా మందులు, వైద్యుని చీటీతో సహా, చేతి సంచిలో పెట్టుకోండి. పెద్ద పెట్టెలో వేస్తే పెట్టె తప్పిపోయిన రోజున మందు కూడా తప్పిపోతుంది.

4. మన్యంలో గానీ, ఆఫ్రికా వంటి మలేరియా ప్రాంతాలలో గానీ ఉండి వచ్చినవారికి ఏడాదిలోపు జ్వరం వస్తే, ఎక్కడినుంచి వచ్చారో వైద్యునికి ముందుగా చెప్పండి. వైవాక్స్ మలేరియా కాలేయంలో దాగి ఉండి మళ్ళీ తిరగబెట్టగలదు. దానికి ప్రైమాక్విన్ మాత్రలు 14 రోజులు పూర్తిగా వాడాలి. గర్భిణులు, పసిపిల్లలు వాడకూడదు, ఇతరులు కూడా వైద్యుని సలహాపైనే వాడాలి.

5. బదిలీపై వెళ్ళే యువ వైద్యులకు: ఛార్జి లిస్టుకు ఇంకొక పేజీ చేర్చండి. మధ్యలో చికిత్స ఉన్న ప్రతి రోగి పేరు, ఊరు, తరువాతి తేదీ అందులో వ్రాయండి. వీలైతే వారిని పిలిపించి, నర్సునూ ఆశా కార్యకర్తనూ చూపించి, "ఇకమీదట వీరే నేను" అని చెప్పండి.

మా ఇంటికి వచ్చిన యువకుడు మరునాడు ప్రయాణం కాలేదు. నాలుగు రోజుల తరువాత ఫోన్ చేశాడు. మొత్తం ముప్పైయేడు పేర్లు వచ్చాయట. అందులో ఇద్దరు మందు ఆపేసి ఉన్నారట. వాళ్ళ ఊళ్ళకు మోటారుసైకిలు మీద వెళ్ళి కలిసి వచ్చాడట. "ఇప్పుడు వెళ్ళమంటారా సార్?" అని అడిగాడు.

"శుభంగా వెళ్ళిరా బాబూ" అన్నాను.